ఫ్రిస్కో దగ్గర విల్లుతో జింక వేటకు ప్రైవేటు భూమి కౌలుకు సంపాదించడం ఎలా?

ప్రశ్న: డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటున్నాను. హెచ్-1బి వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్లుగా ఆర్చరీ రేంజిలో కాంపౌండ్ బోతో సాధన చేస్తున్నాను, ఈ మధ్యే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పూర్తి చేశాను. వచ్చే సీజనులో విల్లుతో తెల్లతోక జింకను వేటాడాలని ఉంది కానీ భూమి దొరకడం లేదు. ఆన్‌లైన్‌లో కనిపించే కౌళ్లు వేల డాలర్లు పలుకుతున్నాయి. దక్షిణ టెక్సస్‌లో ఆరు గంటల దూరంలో ఉన్న ఒక రాంచిలో (పశువులు మేపే పెద్ద కమతంలో) వాటా తీసుకోమని మిత్రులు అంటున్నారు. మా ఇంటికి దగ్గరలో చూద్దామంటే, ముక్కూ మొహం తెలియని రైతు గేటు ముందు నిలబడి అడగడానికి జంకుగా ఉంది. ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి, కాగితం మీద ఏమేమి రాసుకోవాలి?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

సమాధానం:

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. వాటికంటే ముందు తేల్చుకోవలసింది ఆ రాంచి వాటా సంగతి. ఈ ఏడాదికి దాన్ని తీసుకోవద్దనే చెబుతాను. అంత దూరపు రాంచిలో తుపాకీతో వేటాడేవారికి సీజనులో రెండు మూడు వారాంతాలు దొరికినా సరిపోతుంది, ఎందుకంటే వాళ్లు రెండు వందల గజాల అవతల మేస్తున్న జింకను కూడా కొట్టగలరు. విల్లు పట్టినవారికి జింక ఇరవై ముప్పై గజాల లోపలికి రావాలి. అది పొద్దున ఏ దారిన వాగు దాటుతుందో, ఉత్తరపు గాలి వీచిన రోజున ఏ పక్కకు తప్పుకుంటుందో, సింధూర (ఓక్) చెట్ల గింజలు రాలే వారంలో ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే ఆ నేలను పదేపదే చూసి రావాలి. ఆఫీసు పని ముగించుకొని సాయంత్రం వెళ్లి రాగలిగిన ముప్పై ఎకరాలు, ఏడాదికి మూడుసార్లు మాత్రమే చూడగలిగిన మూడు వేల ఎకరాలకన్నా మీకు ఎక్కువ ఉపయోగపడతాయి. మీ ఇంటి నుంచి గంట, గంటంపావు ప్రయాణానికి మించని చోటనే వెతకండి.

టెక్సస్‌లో దాదాపు 95 శాతం భూమి ప్రైవేటు వ్యక్తుల చేతిలో ఉంది కాబట్టి ఇక్కడ వేటకు భూమిని కౌలుకు ఇవ్వడం తరతరాలుగా నడుస్తున్న వ్యవహారం. అడగడంలో తప్పేమీ లేదు, వినేవారికి అది వింతగానూ తోచదు. పైగా మీరున్న ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. కాలిన్, డాలస్, రాక్‌వాల్, గ్రేసన్ కౌంటీలలో జింకను విల్లుతో గానీ క్రాస్‌బోతో గానీ మాత్రమే వేటాడాలి, అక్కడ జింకల వేటకు రైఫిల్ పనికిరాదు. రాష్ట్రంలో చాలాచోట్ల సెప్టెంబరు చివర మొదలయ్యే ఆర్చరీ సీజను నవంబరు మొదటి శనివారం రాకముందే ముగిసిపోతుంది, ఆ తర్వాత అడవంతా తుపాకుల చప్పుడే. ఈ నాలుగు కౌంటీలలో, మిగతాచోట్ల తుపాకులతో సాగే ఆ జనరల్ సీజను కూడా విల్లుతోనే నడుస్తుంది. అందువల్ల తుపాకీ వేటగాళ్లు ఈ భూముల కోసం మీతో పోటీకి రారు, కొమ్ములు ఎదిగేంత వయసు దాకా మగ జింకలు బతికే అవకాశం కూడా ఎక్కువ. గ్రేసన్ కౌంటీకి విల్లు వేటగాళ్లలో అంత పేరు రావడానికి ఇదే ముఖ్య కారణం. అయితే నియమాలు ఏటేటా మారుతుంటాయి కనుక, ఆ సంవత్సరపు నియమావళిని టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైటులో కౌంటీ పేరుతో చూసుకొన్న తర్వాతే ఎవరితోనైనా మాట్లాడండి.

వెతకడం ఉపగ్రహ చిత్రాలతో మొదలుపెట్టండి. కాలిన్ ఉత్తర భాగం, గ్రేసన్, ఫానిన్ కౌంటీలను తెర మీదికి తెచ్చుకొని, ఎండుగడ్డి పొలాల మధ్య నుంచి, గోధుమ చేల అంచుల నుంచి చెట్లను వెంటబెట్టుకొని సాగే వాగులను గుర్తించండి. పగలు జింకలు ఆ చెట్ల వరసలోనే పడుకొని, మాపటివేళకు పొలంలోకి దిగుతాయి. వాగు సన్నబడేచోట, రెండు అడవి తునకలను ఒకే చెట్ల వరస కలిపేచోట ఉన్న ఇరవై, ముప్పై ఎకరాల కమతాలను ఒక పట్టికలో రాసుకోండి. ఆ కమతం ఎవరిదో తెలుసుకోవడం తేలికే. మన దగ్గర మీభూమిలో సర్వే నంబరు కొట్టి అడంగల్ చూసుకున్నట్టే, ఇక్కడ ప్రతి కౌంటీకీ ఉన్న అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో పటం మీద నొక్కితే యజమాని పేరు, ఉత్తరాల చిరునామా, విస్తీర్ణం, పన్ను వివరాలు బయటపడతాయి. ఉత్తరాల చిరునామా ఆ భూమి మీదే ఉంటే యజమాని అక్కడే కాపురముంటున్నాడని, వేరే ఊళ్లో ఉంటే దూరం నుంచి చూసుకుంటున్నాడని అనుకోవచ్చు. రెండో రకం యజమానికి తన భూమి మీద నమ్మకమైన మనిషి కన్ను ఉండడం లాభమే కనుక, మీ ఉత్తరానికి జవాబు వచ్చే అవకాశం అక్కడ కొంచెం ఎక్కువ.

మన తెలుగువారికి మాత్రమే ఉన్న ఒక దారిని ఇక్కడ చెప్పాలి. సెలైనా, ఆనా, వాన్ ఆల్‌స్టీన్, షెర్మన్ చుట్టుపక్కల పెట్టుబడి కోసం మనవాళ్లు నలుగురైదుగురు కలిసి కొని ఉంచుకున్న భూములు ఉన్నాయి. మీ అపార్ట్‌మెంటులోనో, గుడిలోనో, ఆఫీసులోనో అడిగితే అలాంటి వాటా ఉన్నవారు ఒకరైనా తగలకపోరు. భాష తెలిసినవారు కాబట్టి మాట కలపడం సులభమే గానీ, కాగితం విషయంలో ఈ భూములే ఎక్కువ జాగ్రత్త కోరతాయి. వాటిలో చాలావరకు ఎల్‌ఎల్‌సీ (వాటాదారులు కలిసి పెట్టుకున్న పరిమిత బాధ్యత సంస్థ) పేరు మీద ఉంటాయి. వాటాదారుల్లో ఒకరు “మన పొలమే కదా, వెళ్లి వేటాడుకో” అంటే అది అనుమతి కిందికి రాదు. ఆ సంస్థ తరఫున సంతకం పెట్టే అధికారం ఉన్న మేనేజరు రాసి ఇవ్వాలి. రెండో చిక్కు ఇంతకన్నా సూక్ష్మమైనది. వ్యవసాయ భూమిగా తక్కువ పన్ను కట్టేందుకు ఈ యజమానులు సాధారణంగా ఆ పొలాన్ని ఒక స్థానిక రైతుకు పశువుల మేతకో, గడ్డి కోతకో ఇచ్చి ఉంటారు. ఆ రైతుతో చేసుకున్న ఒప్పందంలో వేట హక్కు కూడా అతనికే రాసి ఉండవచ్చు, లేదా అతని బావమరిది ఎన్నో ఏళ్లుగా అక్కడే వేటాడుతూ ఉండవచ్చు. చీకటితో మీరు మంచె ఎక్కేసరికి పక్క చెట్టు మీద ఇంకొకరు కూర్చుని ఉంటే, ఇద్దరి చేతిలోనూ అనుమతి కాగితం ఉన్నా అక్కడ జరిగేది మంచిది కాదు. కనుక యజమాని సరే అన్న వెంటనే ఆ మేత రైతు ఎవరో అడిగి తెలుసుకొని, ఆయనను కలిసి, ఏ నెలలో పశువులు ఏ మడిలో ఉంటాయో, గడ్డి కోత ఎప్పుడో, ఇంకెవరైనా వేటకు వస్తున్నారో విచారించండి. నా దృష్టిలో ఆ మేత రైతు మాట యజమాని సంతకంతో సమానమైన విలువ గలది, ఎందుకంటే ఏడాదంతా ఆ నేల మీద తిరిగేది ఆయనే.

వీటితో పాటు చిన్న ఊళ్లలోని దాణా దుకాణాల నోటీసు బోర్డులు, రైతులకు సలహాలిచ్చే కౌంటీ అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ కార్యాలయం, విల్లులు అమ్మి బాగుచేసే దుకాణాలు కూడా ఉపయోగపడతాయి. దాణా దుకాణంలో ఒక బస్తా మొక్కజొన్న కొని, ఎవరి పొలాల్లో అడవి పందుల బెడద ఎక్కువగా ఉందో అడగండి. ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో కింద చెబుతాను.

ఇక అడగడం గురించి. సీజను మొదలవబోయే సెప్టెంబరులో వెళ్లి అడిగితే నూరింట తొంభై మంది కాదంటారు, అప్పటికే భూమి ఎవరికో మాట ఇచ్చేసి ఉంటారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అడగడానికి మంచి కాలం. ముందుగా ఒక పేజీకి మించని ఉత్తరం రాయండి. అందులో మీ పేరు, ఎక్కడ ఉంటున్నారు, ఏ ఉద్యోగం చేస్తున్నారు అన్నవి మొదటి రెండు వాక్యాలలోనే రావాలి. విల్లుతో మాత్రమే వేటాడతానని, ఒక్కడినే వస్తానని, అతిథులను తీసుకురానని, వచ్చిన ప్రతిసారీ ముందుగా సందేశం పంపుతానని, హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేశానని, చెట్టెక్కితే ఒళ్లంతటికీ కట్టుకునే హార్నెస్ వాడతానని రాయండి. మీ విలువిద్య గొప్పతనం రాయవలసిన పని లేదు. యజమానికి ఉండే భయాలు వేరే. తన పశువుల మీద తూటా పడుతుందేమో, గేటు తీసి వదిలేస్తారేమో, నలుగురిని వెంటబెట్టుకొని వచ్చి తాగి అల్లరి చేస్తారేమో, మంచె మీదనుంచి పడి కోర్టుకు లాగుతారేమో అని ఆయన వెనకాడతాడు. విల్లుకు చప్పుడు లేకపోవడం, బాణం తూటా అంత దూరం పోకపోవడం ఈ భయాల్లో మొదటిదాన్ని దాదాపు తీసేస్తాయి. ఆ మాట ఉత్తరంలో స్పష్టంగా చెప్పండి.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే, ఒక శనివారం పది, పదకొండు గంటల వేళ వెళ్లండి. మామూలు బట్టలు వేసుకోండి, వేట బట్టలు వద్దు, విల్లు ఇంట్లోనే వదిలేయండి. గేటు తాళం వేసి ఉన్నా, గేటు స్తంభాల మీదో చెట్ల మీదో ఊదా రంగు గీతలు కనిపించినా లోపలికి అడుగు పెట్టకండి. టెక్సస్‌లో ఆ ఊదా గీతలు “ప్రవేశం నిషిద్ధం” అన్న బోర్డుతో సమానం. నేల నుంచి మూడు నుంచి అయిదు అడుగుల ఎత్తులో, కనీసం ఎనిమిది అంగుళాల పొడవున నిలువుగా వేసి ఉంటాయి. గేటు తెరిచి ఉంటే ఇంటి ముందు కనిపించేచోట కారు ఆపి, దిగి, తలుపు తట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడండి. మీ భార్య వెంట వస్తానంటే మరీ మంచిది, కుటుంబంతో వచ్చిన మనిషిని చూస్తే పల్లెటూరివారికి ఎక్కడైనా కొంత నమ్మకం కలుగుతుంది. మీ జంకు నాకు అర్థమవుతుంది. మన రంగు, మన యాస చూసి ముఖం తిప్పుకునేవారు ఒకరిద్దరు ఎదురు కావచ్చు, అలాంటిచోట కృతజ్ఞతలు చెప్పి వచ్చేయండి, వాదన వద్దు. మాట వినేవారు కూడా అంతకంటే ఎక్కువమందే ఉంటారు.

అడవి పందుల సంగతి ఇక్కడ పనికొస్తుంది. ఒక్క రాత్రిలో పచ్చిక మడిని దున్నేసినట్టు తవ్వి పారేసే ఈ పందులు టెక్సస్ రైతుకు పెద్ద శత్రువులు. యజమాని అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో వాటిని వేటాడడానికి 2019 సెప్టెంబరు నుంచి లైసెన్సు కూడా అక్కరలేదు, సీజను అంటూ కూడా లేదు. “జింకల సీజనుకు ముందు వేసవిలో వచ్చి పందులను కొడతాను, తెగిన కంచె తీగ కనిపిస్తే కట్టి పెడతాను” అనగలిగిన మనిషికి డబ్బు తక్కువైనా తలుపు తెరుచుకుంటుంది.

సరే అన్నవారి పొలాన్ని డబ్బు ఇచ్చేముందు ఒకసారి నడిచి చూడాలి. చలికాలం చివర, ఆకు రాలిన రోజుల్లో నడిస్తే పోయిన సీజను ఆనవాళ్లన్నీ కనబడతాయి. నేను మొదట కంచె వెంట నడుస్తాను. ముళ్లతీగ కంచె కింది వరసలో, నేల కొంచెం గుంటపడినచోట వంగి చూస్తే తీగ ముడికి చిక్కుకొని జింక వెంట్రుకలు ఉంటాయి. వీపు మీది గోధుమ రంగు వెంట్రుక అయితే జింక తీగ కిందినుంచి దూరిందని తెలుస్తుంది. అక్కడి నుంచి లోపలికి గడ్డిని చీల్చుకుంటూ అరడుగు వెడల్పున పోయే దారి పడి ఉంటుంది. ఆ దారి వెంట సెడార్ మొక్కల బెరడు మోకాలి ఎత్తున ఒలిచినట్టు గీసుకుపోయి ఉంటే మగ జింక కొమ్ములు రుద్దిన చోటన్నమాట. ఇలాంటి గుర్తులు ఒక్కటీ కనబడని పొలానికి యజమాని ఎంత మంచివాడైనా డబ్బు పెట్టకండి.

చిన్న కమతంలో లెక్క చూసుకోవలసిన విషయం దూరం. ఇరవై ఎకరాల చదరపు పొలం ఒక్కో పక్క సుమారు 310 గజాలు ఉంటుంది. నట్టనడుమ మంచె వేసుకుంటే ఎటు చూసినా సరిహద్దు 155 గజాల్లో వస్తుంది. పదెకరాలైతే 110 గజాలే. గుండెకు, ఊపిరితిత్తులకు సరిగ్గా బాణం తగిలిన జింక కూడా పడిపోయేముందు వంద గజాలు పరిగెత్తవచ్చు. పొట్టలో తగిలితే ఎంతదూరమైనా పోతుంది. అంటే మీరు కౌలుకు తీసుకున్న పొలంలో కొట్టిన జింక పక్కవాడి పొలంలో పడే అవకాశం నిత్యం ఉంటుంది. టెక్సస్‌లో దెబ్బతిన్న జింకను వెతుక్కుంటూ కంచె దాటే హక్కు వేటగాడికి లేదు. నెత్తురు జాడ కళ్లముందు కనిపిస్తున్నా పక్క యజమాని ఒప్పుకుంటేనే దాటాలి, ఆయన కాదంటే గేమ్ వార్డెన్ (వేట చట్టాలు అమలుచేసే అధికారి) కూడా ఆయనను బలవంతపెట్టలేడు. కాబట్టి కౌలు కుదిరిన వారంలోనే చుట్టూ ఉన్న ముగ్గురు నలుగురు యజమానులను కలిసి, “ఇలాంటిది జరిగితే మీకు ఫోను చేస్తాను, విల్లు లేకుండా వచ్చి తీసుకుపోతాను, మీకు అభ్యంతరమా?” అని అడిగి వాళ్ల నంబర్లు ఫోనులో పెట్టుకోండి. ఎవరైనా కరాఖండిగా కాదంటే ఆ దిక్కు నుంచి మంచె దూరంగా జరపండి. సీజనులో రాత్రి తొమ్మిదింటికి టార్చి వెలుగులో మొదటిసారి పరిచయం చేసుకోవడం కన్నా మార్చిలో పగటిపూట చేసుకోవడం ఎంతో మేలు.

ఇక్కడ చట్టం గురించి కటువుగానే చెప్పాలి. టెక్సస్‌లో యజమాని అనుమతి లేకుండా తెల్లతోక జింకను వేటాడి చంపడం జరిమానాతో పోయే విషయం కాదు, అది స్టేట్ జైల్ ఫెలొనీ, అంటే జైలు శిక్ష పడగల తీవ్ర నేరం. వీసా మీద ఉన్న మనిషికి అలాంటి కేసు పడితే ఉద్యోగం, గ్రీన్ కార్డు దరఖాస్తు అన్నీ చిక్కులో పడతాయి. సరిహద్దు ఎక్కడో ఊహించుకొని నడవకండి. ఫోనులో పటం యాప్ వేసుకొని, దానిలో కనిపించే గీతను కంచెతో సరిచూసుకొని, తేడా ఉంటే యజమానిని వెంటబెట్టుకొని మూలలు చూపించమని అడగండి. అలాగే ఆ పొలం నగర పరిధిలోకి వస్తుందో లేదో కనుక్కోండి. నగరం హద్దుకు ఆనుకొని దాని అధికారం కొంత చెల్లే వెలుపలి పరిధిలోనూ, 1981 సెప్టెంబరు తర్వాత నగరంలో కలిపిన భూములలోనూ, కనీసం పది ఎకరాలు ఉండి, పక్కవారి ఇళ్లకు 150 అడుగులకన్నా ఎడంగా ఉంటే విల్లు వాడకాన్ని నగరం అడ్డుకోకూడదని రాష్ట్ర చట్టం చెబుతుంది. కాలిన్ లాంటి పెద్ద కౌంటీలలో బడులకు, పార్కులకు, కాలనీలకు ఇంకా ఎక్కువ దూరం పాటించాలి. మొదటి ఏడాది నగర హద్దులకు పూర్తిగా బయట ఉన్న భూమినే ఎంచుకొంటే ఈ కొలతల తలనొప్పి ఉండదు.

వీసా గురించి మరొక మాట. తుపాకీ దగ్గర ఉంచుకోవడం మీద మీలాంటి తాత్కాలిక వీసాదారులకు కేంద్ర చట్టంలో నిషేధం, వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నాయి. విల్లుకు ఆ చట్టం వర్తించదు. టెక్సస్‌లో వరుసగా ఆరు నెలలకు పైగా ఉంటున్నవారు రెసిడెంట్ వేట లైసెన్సు తీసుకోవచ్చు, దానికి పౌరసత్వంతో సంబంధం లేదు. దాని ధర 25 డాలర్లు, ఆర్చరీ సీజనుకు కావలసిన ఎండార్స్‌మెంట్ (లైసెన్సుకు జోడించే అదనపు అనుమతి) మరో 7 డాలర్లు. లైసెన్సు ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో ముగిసిపోతుంది.

ఇప్పుడు కాగితం. నోటిమాట మీద నడిచే కౌళ్లు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి, అవి యజమాని బతికి ఉండి, మనసు మారకుండా, భూమి అమ్మకుండా ఉన్నంతకాలం బాగానే నడుస్తాయి. మీరు మాత్రం రెండు పేజీల ఒప్పందం రాసుకోండి. ఇరువురి పేర్లు, అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లోని ప్రాపర్టీ నంబరు, సరిహద్దులు గుర్తించిన పటం, మొదలయ్యే, ముగిసే తేదీలు, డబ్బు ఎప్పుడెప్పుడు ఇవ్వాలి అన్నవి ఎలాగూ ఉంటాయి. నేను పట్టుబట్టే అంశాలు వేరే. మీరొక్కరే వేటాడతారా, యజమాని కొడుకులూ అల్లుళ్లూ కూడా వస్తారా అన్నది పేర్లతో సహా రాయాలి. “కుటుంబ సభ్యులు రావచ్చు” అని ఊరికే రాస్తే నవంబరులో ఆ కుటుంబం ఎంత పెద్దదో తెలిసివస్తుంది. ఏ జంతువులను వేటాడవచ్చో కూడా రాయండి. జింక, పంది, టర్కీ వేరువేరు హక్కులు. రేపు మీరు మధ్య టెక్సస్‌లోని హిల్ కంట్రీ వైపు కౌలు చూసుకుంటే ఇది ఇంకా ముఖ్యమవుతుంది, ఎందుకంటే మన అడవుల్లోని చుక్కల జింక, కృష్ణజింక 1930ల నుంచి అక్కడ పెరుగుతున్నాయి, వాటికి రాష్ట్రం సీజను పెట్టలేదు కనుక యజమానులు వాటికి విడిగా డబ్బు అడుగుతారు.

మంచె ఎక్కడ వేసుకోవచ్చు, చెట్లకు మేకులు కొట్టవచ్చా, పశువులు దూరకుండా కంచె కట్టి మొక్కజొన్న ఫీడర్ పెట్టవచ్చా, ఏ గేటు గుండా రావాలి, వర్షం పడ్డ మర్నాడు పొలంలోకి బండి తోలవచ్చా, పొట్ట చీల్చి పేగులు తీసేది ఎక్కడ, వాటిని పాతిపెట్టాలా అన్న విషయాలు మాటల్లో చిన్నవిగా కనిపిస్తాయి గానీ కౌళ్లు తెగిపోయేది ఎక్కువగా వీటి దగ్గరే. గేటు విషయంలో ఒకే నియమం: వచ్చినప్పుడు ఎలా ఉందో వెళ్లేటప్పుడు అలాగే ఉండాలి. అక్టోబరులో కూడా మధ్యాహ్నం ఎండ మండిపోయే ప్రాంతం కాబట్టి, మాంసం చెడకుండా వెంటనే కోసి ఐసులో పెట్టుకోవడానికి నీటి కొళాయి వాడుకోవచ్చా అని కూడా అడిగి రాయించుకోండి.

డాలస్ ఉత్తరాన ఉన్న భూములకు తప్పనిసరిగా ఉండవలసిన షరతు మరొకటి ఉంది. అక్కడ పొలాలు బిల్డర్ల చేతికి పోతూనే ఉన్నాయి. సీజను మధ్యలో భూమి అమ్ముడుపోతే మిగిలిన రోజులకు తగిన డబ్బు వాపసు ఇవ్వాలని, మంచె, కెమెరాలు తీసుకుపోవడానికి కనీసం రెండు వారాలు గడువు ఇవ్వాలని రాయించుకోండి. ఈ షరతుకు ఒప్పుకోని యజమాని బహుశా అప్పటికే అమ్మకం బేరంలో ఉన్నాడని అర్థం.

డబ్బు తీసుకొని వేటకు భూమి ఇచ్చే యజమాని రాష్ట్రం నుంచి హంటింగ్ లీజ్ లైసెన్సు తీసుకోవలసి ఉందో లేదో ఆ సంవత్సరపు నియమావళిలో చూసుకోండి. అవసరమైతే, కొత్తగా కౌలుకు ఇచ్చేవారికి ఇది తెలియకపోవచ్చు కనుక మర్యాదగా గుర్తుచేయండి, కావాలంటే ఆ రుసుము మీరే కౌలులో కలిపి ఇవ్వండి. ప్రమాదం జరిగితే తన మీద దావా పడుతుందన్న భయం ఉన్నవారికి చెప్పగలిగిన మంచి మాట కూడా ఒకటుంది. టెక్సస్ సివిల్ ప్రాక్టీస్ అండ్ రెమెడీస్ కోడ్ 75వ అధ్యాయం, వేట లాంటి వినోదాలకు భూమి ఇచ్చే యజమాని బాధ్యతను బాగా తగ్గిస్తుంది. ఉచితంగా ఇచ్చినవారికే కాక, ఆ భూమి మీద కట్టే ఆస్తి పన్నుకు ఇరవై రెట్లు మించకుండా ఏడాదికి వసూలు చేసేవారికి, తగిన బీమా ఉన్నవారికి కూడా ఆ రక్షణ వర్తిస్తుంది. వ్యవసాయ పన్ను రాయితీ ఉన్న భూమికి ఆస్తి పన్ను చాలా తక్కువ కాబట్టి ఆ ఇరవై రెట్ల లెక్క ఒకసారి వేసి చూసుకోమనండి. దాటిపోయేట్టుంటే వేట కౌలుకు సరిపడే బీమా మీరు తీసుకొని, యజమాని పేరు కూడా అందులో చేర్పించండి. దావా వేయనన్న హామీ పత్రం మీద సంతకం అడిగితే పెట్టండి, ఆ కోరిక న్యాయమైనదే.

ధర విషయంలో, పెద్ద కమతాలకు ఎకరాకు ఏడాదికి 10 నుంచి 25 డాలర్లు అన్న మాట టెక్సస్‌లో తరచు వినిపిస్తుంది. ఇరవై ముప్పై ఎకరాల ముక్కలకు ఆ లెక్క పనిచేయదు, అక్కడ సీజనుకు ఇంత అని ఒక మొత్తం మాట్లాడుకుంటారు. మీరు చేయగలిగిన పనులు ముందు చెప్పి, ఆ తర్వాతే ధర అడగండి. ఆన్‌లైన్ ప్రకటన చూసి, పొలం చూడకుండా, యజమానిని కలవకుండా అడ్వాన్సు పంపమనేవారికి ఒక్క డాలరు కూడా పంపవద్దు. డబ్బు తీసుకునే పేరు, అప్రైజల్ రికార్డులో ఉన్న పేరు ఒకటేనా అన్నది సరిచూడండి. వేరైతే, ఎదుటివాడు తనే కౌలుదారై మీకు మారుకౌలు ఇస్తున్నాడేమో అడిగి, అసలు యజమాని రాతపూర్వక అనుమతి చూపమనండి.

ఈ వసంతంలో పదిహేను ఇరవై ఉత్తరాలు రాసి, అయిదారు గేట్ల ముందు నిలబడినా ఒక్క కౌలూ కుదరకపోవచ్చు. అలాగైతే వచ్చే సీజనుకు విల్లు మూలన పెట్టవలసిన అవసరం లేదు. టెక్సోమా సరస్సు పక్కన గ్రేసన్ కౌంటీలోనే ఉన్న హాగర్‌మన్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజి విల్లు వేటకు లాటరీ పద్ధతిలో అనుమతులు ఇస్తుంది. 48 డాలర్ల వార్షిక పబ్లిక్ హంటింగ్ పర్మిట్ కొంటే ఫానిన్ కౌంటీలోని కాడో నేషనల్ గ్రాస్‌లాండ్స్‌లో వేటకు వెళ్లవచ్చు. లాటరీ దరఖాస్తులు సీజనుకు చాలా ముందే ముగుస్తాయి కనుక, రైతులకు ఉత్తరాలు రాసే వారంలోనే ఆ తేదీలు కూడా చూసి పెట్టుకోండి.